నది మధ్య ఆగిన బడి

ఉదయం ఆరున్నరకి వర్వారా ఒక చేత్తో అట్టు తిరగేస్తుంది, రెండో చేత్తో ఫోను చూస్తుంది, మూడో చేత్తో కూతురికి జడ వేస్తుంది. మూడో చెయ్యెక్కడిదని అడిగేవాళ్ళు యాకుత్స్క్‌లో ఒక్క జనవరి ఉండి, ఒక్క పిల్లని బడికి తయారుచేసి చూడాలి. రెండు చేతులతో తెమిలే పని కాదది.

ఫోనులో వచ్చేది ఒకటే సమాచారం. సున్నాకి దిగువన నలభై అయిదు దాటితే నాలుగో తరగతి దాకా సెలవు. యాభై దాటితే ఎనిమిది దాకా. యాభై అయిదు దాటితే బడి మొత్తం మూత. ఆ ఏడు చలి యాభై ఆరు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది. పదహారు రోజులైనా లేవలేదు. గిన్నెలో వేడినీళ్ళు ఆకాశంలోకి విసిరితే కిందికి రాలేదు, ఇంకా అక్కడే ఉన్నాయి. ఇక పొగమంచు సంగతి! చెయ్యి చాపినవాడికి మోచేతి నుంచి అవతల ఉన్నది తనదో పక్కవాడిదో తెలిసేది కాదు. ఇద్దరు మగవాళ్ళు అలా ఒకరి చేతితొడుగు ఒకరు వేసుకుని ఇళ్ళకి పోయారు.

పిల్లలెవరూ రాని రోజుల్లో బడి నడుస్తుంది. ఆ ఊళ్ళో ఏ కట్టడమూ నేలకి పొట్ట ఆనించదు. కింద గడ్డకట్టిన మన్ను వేడి తగిలి కరిగితే కూలిపోతుందని అన్నిటినీ కాంక్రీటు కాళ్ళ మీద నిలబెడతారు. మిగతావి నిలబడ్డచోటే ఉంటాయి. బడి ఉండలేదు. మొదటి నాలుగు రోజులూ ఓర్చుకుని, అయిదోనాడు మెట్లని అక్కడే వదిలేసి పొగమంచులోకి బయల్దేరింది. ఒకరోజు చేపల బజారు వెనకాల, ఒకరోజు ఎవరి వాకిట్లోనో, కిటికీల్లో దీపాలన్నీ వెలిగించుకుని నిలబడేది. సెలవు పిల్లలకే కాబట్టి టీచర్లు లోపలే ఉండేవారు. సాయంత్రం ఎక్కడ దిగితే అక్కణ్ణుంచి బస్సు పట్టుకుని ఇంటికి పోయేవారు.

తల్లిదండ్రులకి కోపం వచ్చింది బడి నడిచినందుకు కాదు, వచ్చి కూడా తలుపు తియ్యనందుకు. ఫోనులో వాళ్ళ గుంపు పొద్దున్నే భగ్గుమనేది.

"అమ్మా పెద్ద టీచరుగారూ, బడి మా కిటికీకి ముక్కు ఆనించి నిలబడింది. నల్లబల్ల మీది లెక్క కూడా కనిపిస్తోంది. మావాణ్ణి కిటికీలోంచి అందిస్తే పుచ్చుకుంటారా?" అని ఒక తండ్రి.

"ఉత్తర్వు బడి ఎక్కడుందని అడగదు బాబూ, నగరంలో చలి ఎంతుందని అడుగుతుంది," అని పెద్ద టీచరు అకులీనా. ముప్పై ఏళ్ళుగా ఒకే గొంతుతో మాట్లాడే మనిషి.

"అలాగైతే మా ఇంటి ముందు లైట్లేసుకుని నిలబడ్డం దేనికండీ? ఊరించడానికా?"

"దానికి పిల్లలు కావాలి. నాకు ఉత్తర్వు కావాలి. ఏం చెయ్యమంటావు నన్ను?"

"మావాడు పదహారు రోజుల్లో ఎక్కం మర్చిపోయాడు. ఇంకో పదహారైతే నా పేరు మర్చిపోతాడు," అని ఇంకొకావిడ. "పని మానేద్దామంటే మా ఆఫీసు వాళ్ళకి చలి వెయ్యదట!"

వర్వారాకి ఆ గుంపులో మాట్లాడే తీరికే లేదు. ఆమె పేటలోని ఇళ్ళకి పైపుల్లో వేడి పంపే బాయిలర్ హౌసులో పని చేస్తుంది. మామూలు పనా అది! ఆమె ఒక వాల్వు తిప్పితే పదకొండు వీధులు కోట్లు విప్పుతాయి. ఒక శీతాకాలం పైపు పగిలి ఆవిరి మీదికి ఉరికితే, నడుం మీద చేతులు పెట్టుకుని ఆమె వేసిన ఒక్క కేకకి ఆ ఆవిరి సిగ్గుపడి పైపులోకి వెనక్కి పోయిందని తోటివాళ్ళు ఒట్టేసి చెబుతారు. అంత మనిషికీ ఒక చిక్కు తెగలేదు. చలి పెరిగినకొద్దీ బాయిలర్ దగ్గర ఆమె ఉండి తీరాలి. చలి పెరిగినకొద్దీ ఇంట్లో ఎనిమిదేళ్ళ కూతురు కున్నెయ్ దగ్గరా ఆమే ఉండాలి. మొగుడు ఉత్తరాన గనుల్లో ఉన్నాడు, మే దాకా రాడు. ఎటు నుంచి ఆలోచించినా రెండు కొసలూ ఒకే ముడిలోకి పోయేవి.

పదహారో రోజు సాయంత్రం ఇంటికొచ్చేసరికి కున్నెయ్ గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుని ఉంది. బొచ్చు బూట్లు, కోటు, టోపీ, మెడకి మూడు చుట్ల శాలువా, వీపున సంచీ. ముఖం చెమటతో తడిసిపోయింది.

"ఎప్పట్నుంచి ఇలా కూర్చున్నావే?"

"నువ్వు వెళ్ళినప్పట్నుంచి."

"అన్నం?"

"తింటుంటే బడి వచ్చేస్తే? అందరి వీధుల్లోకీ వచ్చిందంట. మన వీధికి ఇంకా రాలేదు. ఇవాళ మన వంతేమో అనుకున్నా."

వర్వారా ఆ కోటు బొత్తాలు విప్పుతూ, విప్పిన బొత్తామే మళ్ళీ పెట్టి మళ్ళీ విప్పింది. ఆ రాత్రే అక్కకి ఫోను చేసింది. నదికి ఆవల పల్లెలో ఉంటుంది మత్ర్యోనా. ఇంటినిండా మనుషులు, గోడ అవతలే బడి, అక్కడ ఈ ఉత్తర్వు చెల్లదు.

"పంపవే, దానికేం భాగ్యం," అంది అక్క. "మే దాకా నా పిల్లల్లో అదీ ఒకటి."

మే దాకా. వర్వారా కూడా చిన్నప్పుడు, ఏడో ఏట హాస్టలుకి వెళ్ళి వేసవికి ఇంటికొచ్చింది. ఆకలేసినా గిన్నెలు ఏ అరలో ఉన్నాయో అడగడానికి మొహమాటపడి, చుట్టానిలా బల్ల చివర కూర్చుంది. తల్లి చూసి గిన్నె తెచ్చి ముందు పెట్టింది. ఆ తర్వాత ఎన్ని వేసవులొచ్చినా ఆ మొహమాటం పూర్తిగా పోలేదు. కూతురి చొక్కాలు పెట్టెలో సర్దుతుంటే వర్వారాకి తను చేస్తున్నది మంచో చెడో బోధపడలేదు. రెండు చొక్కాలు పెట్టి ఒకటి బయటికి తీసింది.

"నేనేం చేశాను?" అంది కున్నెయ్.

"నువ్వేం చెయ్యలేదే తల్లీ."

"మరి నన్నెందుకు పంపేస్తున్నావ్?"

పదకొండు వీధుల్ని వెచ్చగా ఉంచే మనిషి, బయటికి తీసిన చొక్కాని మళ్ళీ పెట్టెలో పెట్టింది.

మర్నాడు పొద్దున పది గంటలకి, సూర్యుడు లేచాడో లేదో తెలియని తెలుపులో, అఫనాసీ వ్యాను నది ఒడ్డున ఆగింది. వెనక పల్లెకి తీసుకెళ్ళే సరుకు, ముందు డ్రైవరు పక్కన తల్లీ కూతురూ. పిల్లని దింపి మధ్యాహ్నం డ్యూటీకి వెనక్కి రావాలని వర్వారా లెక్క. అఫనాసీ ముప్పై నాలుగు శీతాకాలాలు గడ్డకట్టిన నది మీది మంచు దారిన బండి నడిపినవాడు. ఒకసారి వెనక మంచు పగులుతుంటే పగులు కన్నా ముందు పరిగెత్తించి, ఆవలి ఒడ్డున దిగి, పగులు వచ్చేదాకా టీ తాగుతూ కూర్చున్నవాడు. అలాంటివాడు ఇంజను ఆపకుండా చెయ్యి చాపాడు.

"ఏదమ్మా, అవ్వకి?"

ఆ ఊరివాళ్ళు లేనా నదిని పేరు పెట్టి పిలవరు. అవ్వ అంటారు. అవ్వ మీదుగా దాటేవాళ్ళు ఒక అట్టు ముక్కయినా పెట్టి దాటాలి. వర్వారా సంచీ తడిమింది, పెట్టె తడిమింది. అట్లు పొయ్యి పక్కనే ఉండిపోయాయి.

"మర్చిపోయాను తాతా. బుర్ర పనిచెయ్యట్లేదు."

"బుర్ర నీది, బండి నాది. ఒట్టి చేతుల్తో అవ్వ గుండెల మీద ఎక్కమంటావా? ఇంతా చేసి నన్ను ముంచితే ఎండాకాలం దాకా దొరకను."

కున్నెయ్ తన కోటు లోపలి జేబులోంచి కాగితంలో చుట్టిన అట్టు తీసింది. "బడిలో ఆటల బెల్లుకి దాచుకున్నా," అని దిగి, మంచు మీద వంగి, అట్టు మొత్తం పెట్టింది. ఏదో గొణిగింది కూడా.

"ఏం చెప్పావే అవ్వకి?" అన్నాడు అఫనాసీ.

"అది నాకూ అవ్వకీ మధ్య."

"అబ్బో! సర్లే, ఎక్కు."

బండి మంచు మీదికి దిగింది. దారి గుర్తుకి నాటిన చెట్టుకొమ్మలు ఒకటి తర్వాత ఒకటి పొగమంచులోంచి పుట్టి, పక్కనుంచి పోయేవి. కొంతసేపటికి అవీ పుట్టడం మానేశాయి. అఫనాసీ అద్దం దించి తల బయటపెట్టాడు, లోపల పెట్టాడు, ఉత్తరం అనుకున్న వైపు దక్షిణం అన్నాడు. ముప్పై నాలుగేళ్ళలో దారి తప్పడం అదే మొదటిసారి అని ఒప్పుకున్నాడు. అప్పుడు ఎదురుగా వరసగా దీపాలు కనిపించాయి.

"అదిగో పల్లె! చూశారా, వాసన పట్టి నడిపాను."

"ఇంత తొందరగానా? పది నిమిషాలు కూడా కాలేదే!"

"అదీ నా డ్రైవింగు."

దీపాలు దగ్గరికొచ్చాయి. ఒకదాని మీద ఒకటి మూడు వరసలున్నాయి. పల్లెలో మూడంతస్తుల ఇల్లు ఒక్కటీ లేదు. కాంక్రీటు కాళ్ళు మంచు మీద కాస్త ఎడంగా పెట్టుకుని, దారికి అడ్డంగా, బడి నిలబడి ఉంది. అఫనాసీ బ్రేకు వేశాడు.

"మీ బడేనా?"

"మాదే," అంది వర్వారా.

"పక్కకి తప్పుకోమను."

కింది అంతస్తు తలుపు తెరుచుకుంది. గుమ్మంలో పెద్ద టీచరు అకులీనా, శాలువా కప్పుకుని, చేతిలో హాజరు పట్టీ పట్టుకుని కనిపించింది.

"వ్యానులో పిల్లలున్నారా?"

"ఒక్కతే ఉంది టీచరుగారూ," అంటూ వర్వారా దిగింది. ఏం అడగాలో తెలియక తెలిసిందే అడిగింది. "ఇవాళ బడి ఉందా, లేదా?"

అకులీనా ఉత్తర్వు కాగితం తీసి మొదటి నుంచి చివరి దాకా చదివింది. మళ్ళీ చదివింది. కళ్ళద్దాలు తుడుచుకుంది.

"ఇందులో 'నగర పరిధిలోని బడులకి' అనుంది. ఊరు ఆ ఒడ్డుతో ఆఖరు. ఈ ఒడ్డు నుంచి వేరే జిల్లా. ఇది నడుమ..." అని అటూ ఇటూ చూసింది. అటూ ఇటూ తెలుపే. "ఇక్కడ ఎవరి ఉత్తర్వు చెల్లుతుందో నాకూ అర్థం కావట్లేదమ్మా. అవ్వకి ఉత్తర్వులిచ్చేంత మొనగాళ్ళు మా ఆఫీసులో ఎవరూ లేరు."

"అంటే?"

"అంటే ఏముంది? నీ కూతురు ఆలస్యంగా వచ్చింది. రెండో తరగతే కదా?"

కున్నెయ్ అప్పటికే బండి దిగేసింది. గుమ్మం ఆమె తలకి పైన నిలువెడు ఎత్తున ఉంది, మెట్లు ఊళ్ళోనే ఉండిపోయాయి. బడి కాసేపు ఆగింది. తర్వాత ముందరి కాళ్ళు రెండూ మెల్లగా వంచింది. కిటికీల్లో పూలకుండీలు జారాయి, లోపల టీచర్లెవరో బల్ల పట్టుకుని "జాగ్రత్త" అన్నారు. గుమ్మం మంచుకి ఆనింది.

కున్నెయ్ ఒక కాలు లోపల పెట్టి వెనక్కి తిరిగింది. మూడు చుట్ల శాలువాలోంచి కళ్ళు రెండే కనిపిస్తున్నాయి.

"సాయంత్రం ఎవరొస్తారు?"

"నేనే."

"ఎక్కడికి తీసుకెళ్తావ్?"

"ఇంకెక్కడికే, ఇంటికి."

తలుపు మూసుకుంది. బడి లేచి నిలబడింది. అఫనాసీ వెనక తలుపు తెరిచి పెట్టె మీద చెయ్యి వేసి ఆగాడు.

"మీ అక్కకి ఏం చెప్పను?"

"పిల్ల రావట్లేదని చెప్పు తాతా. ఆ పెట్టె ఇటివ్వు."

"నడిచి పోతావా? ఈ చలిలోనా? దారి కనిపించట్లేదే!"

"ఈ చలి నన్ను చూసి పక్కకి తప్పుకోవాలి," అంది వర్వారా. ఆ మాట నిజంగా అందనే చెబుతాడు అఫనాసీ, విన్నవాడు అతనొక్కడే. బండి బడి పక్కనుంచి చుట్టుతిరిగి పల్లె వైపు పోయింది. ఆ సాయంత్రానికి తల్లిదండ్రుల గుంపులో కబురు పాకి, మర్నాటి నుంచి మంచు దారి నిండా కార్లే. మార్చి దాకా బడి అక్కడే నిలబడింది.

కానీ ఆ ఉదయం నది మీద వర్వారా ఒక్కతే ఉంది. పెట్టె భుజానికెత్తుకుంది, వెంటనే కదల్లేదు. మధ్యాహ్నానికి బాయిలర్ దగ్గరుండాలి, ఊరు ఎటువైపో తెలియదు, నవ్వొస్తోందో ఏడుపొస్తోందో అదీ తెలియదు. ఏది వచ్చినా కనురెప్పల మీదే గడ్డకడుతోంది. పైన రెండో అంతస్తులో అకులీనా గొంతు ఒక్కో పేరూ చదువుతోంది. పేరు తర్వాత పేరు, ఏ పేరుకీ జవాబు లేదు. పదిహేను పేర్లయ్యాక,

"కున్నెయ్?"

"ఉన్నాను!" అని వినబడింది. ఎంత గట్టిగా అంటే రెండు ఒడ్డులూ విన్నాయి.