ఒళ్ళు విదిలించని పొట్టేలు

నా చేతికి ఉన్నిదారం రాదని అందరూ తేల్చేశారు. ముందు మా ఆయన మల్లేశు తేల్చాడు, తర్వాత మా తోడికోడలు, ఆఖరికి అరకులో ఉన్ని వడకడం నేర్పుతున్న లావణ్య మేడమ్ కూడా మొహమాటపడుతూనే తేల్చింది. కాఫీ పళ్ళు కోసే చేతులు, వలిసెలు నూర్చే చేతులు, చంకలో పిల్లతో కొండెక్కే చేతులు. వీటికి ఒక్క కదురు లొంగదా? నాకు ఒళ్ళు మండిపోయింది.

మేడమ్ ఇచ్చిన ఉన్ని విదేశీ గొర్రెది. తెల్లగా, మెత్తగా, వేళ్ళలోంచి జారిపోయేది. కదురు తిప్పి వదిలితే చాలు, దారం తెగి అది దభీమని నేల మీద పడేది. పక్కవాళ్ళు నవ్వేవారు. నెలాఖరులోగా ఒక్క ఉండ వడికి చూపించకపోతే నా చోటు ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారు.

"కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఈ ఉన్ని కష్టమే కనకా," అంది మేడమ్. "పోగు పొడుగ్గా, కాస్త గరుగ్గా, జిడ్డుగా ఉంటే వేళ్ళకి పట్టు దొరుకుతుంది. కానీ మీ వైపు గొర్రెలకి అలాంటి ఉన్ని ఉండదు. అన్నీ మేకల్లా ఉత్త వెంట్రుకలే."

"ఎక్కడో ఉంటాది. నానెతుకుతాను," అన్నాను.

సంతలో కనబడిన ప్రతి గొర్రె వీపులోకీ వేళ్ళు దూర్చాను. కొనేవాళ్ళు పళ్ళు చూస్తారు, తొడ నొక్కి చూస్తారు. నేను బొచ్చు పీకి రెండు వేళ్ళ మధ్య మెలేస్తుంటే పల్లం నుంచి వచ్చే షావుకారు వెంకటరావు, "ఏటే, గొర్రెకి పేలు సూత్తన్నావా?" అని అరిచాడు.

"నీకూ సూడమంటావేటి బాబూ?" అన్నాను. సంతంతా నవ్వింది, ఆయనతో సహా. కానీ ఏ గొర్రె బొచ్చు చూసినా చీపురు పుల్లలే. మెలి నిలవలేదు.

ఆ పుష్యమాసంలో మా ఊరి కొండదేవత పండగకి పెద్దలు సాలూరు వైపు సంత నుంచి ఒక నల్ల పొట్టేలుని తోలుకొచ్చారు. సీమ నుంచి లారీలో వచ్చిన మందలోదట. ఒళ్ళంతా దట్టంగా ఉంగరాల బొచ్చు. ఎంత నిండుగా ఉందోనని మురిసిపోయారు. మా ఊళ్ళో బలికి ముందు జీవం మీద పసుపునీళ్ళు పోస్తారు. అది ఒళ్ళు విదిలిస్తే దేవత ఒప్పుకున్నట్టు. విదిలించకపోతే కత్తి లేవదు.

పూజారి సుక్రు మా మావకి తమ్ముడు. చెంబుతో నీళ్ళు పోశాడు. పొట్టేలు తాపీగా నెమరేసింది. ఇంకో చెంబు పోశాడు. చివరికి కుండెత్తి కుమ్మరిస్తే అది ఆయన పంచె అంచు నమలబోయింది. డప్పులు ఆగిపోయాయి. అమ్మోరికి కోపమొచ్చిందని అందరూ గుసగుసలాడుతుంటే నేను నీళ్ళనే చూస్తున్నాను. చేమాకు మీంచి జారినట్టు బొచ్చు మీంచి జారిపోతున్నాయి. ఒక్క చుక్క లోపలికి దిగడం లేదు. జిడ్డు! నా గుండె గంతేసింది.

పండగ కోడితో కానిచ్చారు. అమ్మోరు కాదన్న జీవాన్ని ఎవరూ ఇంటికి తీసుకెళ్ళకూడదు, ఊరి పొలిమేర దాటించి వదిలెయ్యాలి. వదిలేశారు. నేను వెనకాలే వెళ్ళి తాడు పట్టుకుని ఇంటికి తెచ్చేశాను.

"అమ్మోరు ఒద్దన్నదాన్ని నువ్వెలా తెత్తావే?" అన్నాడు మల్లేశు.

"ఆవిడకి ఒద్దు. నాకు కావాల."

గుడ్డలు కత్తిరించే కత్తెరతో బొచ్చంతా కోశాను. చేతులు జిడ్డుతో నల్లబడి గొర్రె కంపు కొట్టాయి. ఉతక్కుండానే కదురుకి తగిలించి తిప్పాను. పోగు వేళ్ళని పట్టుకుంది. సాగింది. మెలి నిలిచింది. కదురు నేలకి తగలకుండా గాల్లో తిరుగుతూనే ఉంది. ఒకచోట లావు, ఒకచోట సన్నం, వంకర టింకర దారమే. కానీ నా దారం. ఏడ్చేశాను, చెప్పుకోడానికి సిగ్గేం లేదు. బోడి పొట్టేలు చలికి ముడుచుకుంటే గోనెసంచికి కన్నాలు పెట్టి తొడిగాను.

మేడమ్ ఉండ చూసి నా చోటు నాకే ఉంచింది. "ఈ పొట్టేలుని మాత్రం పోగొట్టుకోకు," అంది. "నీకు మళ్ళీ ఉన్ని కావాలంటే దాని ఒంటి మీదే పెరగాలి."

ఆ వారమే ఊళ్ళో పిల్లలకి జ్వరాలు తగిలాయి. అమ్మోరికి సరిగ్గా చెయ్యకపోవడం వల్లేనన్నారు. పొద్దుటే సుక్రు నలుగురు పెద్దల్ని వెంటేసుకుని, నీళ్ళ చెంబుతో మా వాకిట్లోకి వచ్చాడు.

"అమ్మోరిని మల్లీ అడగాల. దాని గోనె తియ్యే, బేగి."

బొచ్చు లేని వీపు మీద ఆ చలిలో నీళ్ళు పడితే అది విదిలించక ఏం చేస్తుంది? అడ్డంగా నిలబడ్డాను.

"ఆ దినం నీల్లు దాని తోలుకి తగల్లేదు మావా. బొచ్చు ఆపేసింది. ఇప్పుడు బోడిగుంది, ఇదిలిత్తాది. అది అమ్మోరి మాట కాదు, సలి. పిల్లల్ని ఆసుపత్రికి మోసుకెల్దాం పద, నానూ మోత్తాను."

"అమ్మోరికే అడ్డం సెప్తన్నావేటే?"

"అమ్మోరికి కాదు, నీకు సెప్తన్నాను."

మల్లేశు నా కొంగు లాగాడు. లాక్కున్నాను. సుక్రు చేతిలో చెంబు అందుకుని నా నెత్తి మీదే కుమ్మరించుకున్నాను. ఊటనీళ్ళు, మంచు ఇంకా వీడని పొద్దుట. ఒళ్ళంతా వణికింది, తల దానంతటదే విదిలించింది, పళ్ళు టకటకలాడాయి.

"సూసినావా? నానూ ఇదిలించాను. మరి నన్నూ కోసెత్తావా?"

పెద్దల్లో ఒకాయన పిల్లల్ని ఆసుపత్రికి మొయ్యడానికి ఇంటి వైపు కదిలాడు. సుక్రు నన్నూ పొట్టేలునీ మార్చి మార్చి చూశాడు. ఓడిపోవడం ఆయనకి చేతకాదు. ఖాళీ చెంబు లాక్కుని, "సర్లే, బొచ్చు పెరగనీ. పెరిగినాక వచ్చే పండక్కి అడుగుతాను," అన్నాడు.

"అడుగు మావా," అన్నాను వణుకుతూనే. "పెరిగినాక ఎన్ని కుండలైనా పొయ్యి."