డాబా మీద పసుపు గుడ్డ

ఆ ఉదయం మా తలుపు పక్కన మేకుకి రెండు గుడ్డలు వేలాడుతున్నాయి. ఒకటి ఎరుపు, ఒకటి పసుపు. పీచు లేవకుండా అంచులు మడిచి నేనే కుట్టాను. పాప సీసాతో పాలు తాగితే డాబా మీద పసుపుది కట్టాలి. మధ్యాహ్నం భోజనాల వేళకి కూడా తాగకపోతే ఎర్రది.

మా వీధి చివర పెద్ద భవనం లేస్తోంది. అక్కడి క్రేను నడిపేది నా భార్య. అంత ఎత్తున గాజుగదిలో కూర్చుంటే మా డాబా అరచేతిలో పెట్టినట్టు కనిపిస్తుందట. ఫోను మాత్రం కింద అప్పజెప్పి ఎక్కాలి. బరువు గాలిలో ఉండగా ఆపరేటరు చెవి ఇంకెక్కడా ఉండకూడదు.

కాన్పు సెలవు ముగిశాక ఆమె మళ్ళీ ఎక్కిన మొదటి రోజు అది. సూపర్‌వైజరు ముందే చెప్పేశాడు, పిల్ల ఏడ్చిందని పని మధ్యలో దిగితే ఆ సీటు ఇంకొకరిదని. ఆ ఇంకొకరు ఎవరో కాదు, ఆమె సెలవులో ఉన్నన్నాళ్ళూ అక్కడ కూర్చున్నవాడే. ఇప్పుడు కింద నిలబడి, మెడ నొప్పెట్టేదాకా పైకి చూస్తుంటాడట.

పాపని చూసుకునేది నేనే అని మేం పెద్దగా చర్చించకుండానే తేలిపోయింది. నా కుట్టుమిషను ముందుగదిలోనే ఉంది. ఆమె క్రేనుని ఇంటికి తెచ్చుకోలేదు కదా.

"ఎర్రగుడ్డ కనిపిస్తే దిగిపోతాను. ఆలోచించను," అంది ఆమె, బూట్ల తాళ్ళు బిగించుకుంటూ.

"కనిపించదులే."

"మాట మాత్రం ఇవ్వకు. రేపు ఇచ్చేస్తానని ఎంతమంది బట్టలు దగ్గర పెట్టుకున్నావో నాకు తెలుసు."

అత్తయ్య నవ్వింది. ఆవిడ ముందురోజే సంచి సర్దుకుని సాయానికి వచ్చింది. సాయమంటే, గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని, చెప్పులు విప్పకుండా కూర్చోవడం. అవసరమైతే సైటు దాకా పరుగెత్తడానికి వీలుగా.

పాప ఆకలికి లేచింది. తల్లి పిండి పెట్టి వెళ్ళిన పాలు వేడినీళ్ళలో ఉంచి, చుక్క మణికట్టు మీద వేసి చూసుకుని, తల్లి కూర్చునే కుర్చీలోనే, తల్లి పట్టుకునే పక్కకే పట్టుకుని కూర్చున్నాను. సీసా పెదాలకి ఆనించగానే పాప నోరు బిగించేసింది. చుట్టూ కుట్టేసిన జేబులా, వేలు పెట్టడానికి కూడా సందు లేదు. తర్వాత గుక్క పట్టింది.

తల్లి ఎత్తుకున్నప్పుడు తీసే కూనిరాగం తీశాను, గొంతు సన్నం చేసుకుని మరీ.

"ఎవరికో పన్ను పీకుతున్నట్టుంది," అంది అత్తయ్య.

ఏ పుస్తకంలో చదివానో, పసివాళ్ళు మనిషిని వాసనతో గుర్తుపడతారని. ఆమె రాత్రి వేసుకునే చొక్కా దండెం మీద ఉంది. అది తొడుక్కున్నాను. భుజాల దగ్గర పట్టేసింది.

అత్తయ్య నన్ను కిందనుంచి పైదాకా చూసింది. "బిగుతయింది అల్లుడూ. టైలరువేగా, కాస్త వదులు చేసుకో."

నవ్వే స్థితిలో లేను. ఎందుకంటే పాప నిజంగానే ఏడుపు ఆపింది. ముక్కు చొక్కాకి రాసింది. కళ్ళు సగం మూసుకుని, వెతికే నోటితో నా ఛాతీ అంతా తడిమింది. అక్కడ వెతికింది, ఇక్కడ వెతికింది. తల వెనక్కి తీసుకుని నా మొహం చూసింది. ఆ చూపు ఇంకా మరిచిపోలేదు. అందులో ఆకలి కంటే ముందు అవమానం ఉంది. లేని మనిషిని ఉన్నట్టు చూపించి మోసం చేస్తే ఎవరైనా అలాగే చూస్తారు. ఆ తర్వాత ఏడ్చిన ఏడుపు ముందు అంతకుముందుదంతా ఉత్త ముక్కు చీదడం.

గది ఇటు చివరనుంచి అటు చివరకి తిరుగుతున్నాను. తిరిగిన ప్రతిసారీ మేకుకున్న ఎర్రగుడ్డ కంట పడుతోంది. దాన్ని చూసినప్పుడల్లా నాలో ఎక్కడో మెత్తటి గొంతు ఒకటి పలుకుతోంది. నీ చేతనైంది చేశావు, ఇంక కట్టెయ్యి. ఆ గొంతులో చెడ్డతనం లేదు. అదే నన్ను భయపెట్టింది. గుడ్డ కడితే ఆమె దిగి వస్తుంది, పాప పాలు తాగుతుంది, నేను నా మిషను ముందు కూర్చుంటాను. ఎవరూ నన్నేమీ అనరు. పాపం ఎంత ప్రయత్నించాడో అని నలుగురూ మెచ్చుకుంటారు కూడా. తల్లి ప్రయత్నించి చేతులెత్తేస్తే మెచ్చుకునే మనిషిని నేనింతవరకూ చూడలేదు.

అత్తయ్య లేచి ఎర్రగుడ్డ తీసింది.

"ఇంక చాలు బాబూ. కట్టొస్తా."

"భోజనాల వేళ కాలేదత్తయ్యా."

"ఆకలికి వేళలేంటి? పిల్ల వాడిపోతోంది." ఆవిడ గొంతు తగ్గించింది. "నువ్వేం బాధపడకు. మగాడివి, ఇందులో నీ తప్పేం లేదు."

ఆవిడ నన్ను ఓదార్చడానికే అంది. కానీ నా తప్పేమీ ఉండటానికి వీల్లేని చోటుకి నన్ను నెట్టేసి తలుపు వేసినట్టయింది. అంత మర్యాదగా నన్నెవరూ గెంటలేదు.

"మెట్ల దాకా వెళ్ళండి. నేను పిలిచేదాకా కట్టకండి," అన్నాను.

ఆవిడ పెదవి విరిచి మెట్లవైపు నడిచింది.

పాపని పరుపు మీద పెట్టి నా భార్య చొక్కా విప్పేశాను. నా చొక్కా వేసుకున్నాను. సుద్దముక్క జేబూ, మిషను నూనె వాసనా ఉన్న పనిచొక్కా. అలవాటు కొద్దీ టేపు మెడలో పడింది. పాపని ఎత్తుకోవడానికి వంగితే టేపు కొస తన మొహం మీద ఊగింది. ఎక్కిళ్ళ మధ్యలో చెయ్యి చాచి పట్టుకుంది.

ఏడుపు ఆగలేదు గానీ, కాస్త ఆలోచనలో పడింది.

మా నాన్న కూడా టైలరే. నన్ను ఆయన ఎత్తుకున్న గుర్తు లేదు, ముద్దుపెట్టిన గుర్తు లేదు. బడి చొక్కాకి కొలతలు తీసేవాడు. ఛాతీ చుట్టూ టేపు తిప్పి, కొసలు కలిపి పట్టుకున్నప్పుడు ఆయన వేళ్ళ వెనకభాగం నా వీపుకి తగిలేది. ఆ చెయ్యి ఇంకొంచెంసేపు ఉంటుందేమోనని ఊపిరి బిగబట్టేవాణ్ణి. "ఊపిరి వదలరా, చొక్కా వదులైపోతుంది," అనేవాడు. అదొక్కటే మా మధ్య నడిచిన లాలన. ఇన్నేళ్ళూ దాన్ని లేమి కిందే లెక్కగట్టుకున్నాను. ఆ నిమిషంలో నాకు తట్టింది, అరువు చొక్కా నాకెందుకు? నాకు వచ్చిన ముట్టుకోవడం ఒకటుంది.

పాప ఛాతీ చుట్టూ టేపు తిప్పాను. భుజం నుంచి భుజానికి. భుజం నుంచి మణికట్టుకి. కొలతలకి వచ్చే గిరాకీతో మాట్లాడే గొంతుతోనే, నా సొంత లావుపాటి గొంతుతో, "చెయ్యి చాపండమ్మా. ఆ, అలా. మెడ కాస్త వదులుగా పెడతాను, పెరిగే వయసు," అంటూ పోయాను. పాప తడికళ్ళతో నా నోటివైపు చూస్తోంది. ఊపిరి వదిలింది. నేనూ వదిలాను.

మిషను సూది తీసి పక్కన పెట్టాను. పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను, వీపు నా పొట్టకి ఆనించి, మొహం చక్రంవైపు తిప్పి. తల్లి ఎప్పుడూ అలా కూర్చోబెట్టలేదు. ఈమధ్యే నిలిచిన మెడ అటూ ఇటూ ఊగింది. చక్రాన్ని చేత్తో ఒక్కతోపు తోసి పెడలు తొక్కడం మొదలుపెట్టాను. నేల సన్నగా అదిరింది. ఆ అదురు నా మోకాళ్ళలోంచి పాప ఒంట్లోకి పోవడం నాకు తెలుస్తోంది. తిరిగే చక్రాన్ని చూస్తూ పాప నోరు తెరిచింది. ఆశ్చర్యానికి తెరిచింది, పాలకి కాదు. పక్కనుంచి సీసా ఆనించాను. చుక్క నాలుక మీద పడింది. మొహం చిట్లించింది. పెదాలు నాకింది. చక్రం తిరుగుతూనే ఉంది.

తర్వాత సీసా నా చేతిలో లాగినట్టయింది.

నాకు చప్పున అర్థం కాలేదు. పాలల్లో బుడగలు పైకి లేస్తున్నాయి.

ఏడుపు ఆగిపోయిందని కంగారుపడి అత్తయ్య మెట్లమీంచి దిగి వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయింది. నేను ఆవిణ్ణి చూసి కాళ్ళు నెమ్మది చేశాను.

"ఆపకు," అంది రహస్యంగా. "తొక్కు. ఆపావంటే ఊరుకోను."

తొక్కాను. పిక్కలు పట్టేసినా తొక్కాను. పాప గడ్డం మీంచి కారుతున్న పాలని అత్తయ్య వంగి, చేతికి అందిన గుడ్డతో అద్దింది. అది ఎర్రగుడ్డ. ఆవిడ గమనించలేదు, నేనూ చెప్పలేదు. సీసా అడుగంటింది. తడిసిన ఆ గుడ్డని అత్తయ్య మాసిన బట్టల్లో పడేసి, మొదటిసారి చెప్పులు విప్పింది.

మేకుకున్న పసుపుగుడ్డ అందుకున్నాను. చేతిలోకి తీసుకుంటే జేబురుమాలంత అనిపించింది. దీంతో ఏం చెబుతాం? అలమరలో లోపలి అతుకులకని నేను తెచ్చిపెట్టుకున్న పసుపుబట్ట తాను ఉంది. దాన్ని చంకలో పెట్టుకుని, పాపని భుజాన వేసుకుని మెట్లెక్కాను.

"అత్తయ్యా, ఈ కొస పట్టుకోండి. అటు గోడ దాకా వెళ్ళండి."

"అంతానా?"

"అంతా."

తాను దొర్లుతూ విప్పుకుంది. గాలి అడుగునుంచి దూరి దాన్ని ఒక్కసారిగా ఉబ్బించింది. డాబా ఈ చివరనుంచి ఆ చివరదాకా పసుపు. వీధి చివర క్రేను చెయ్యి ఇనపచువ్వల కట్టతో మెల్లగా తిరుగుతోంది. ఆ కట్ట కిందికి దిగేదాకా ఆమె పలకదని నాకు తెలుసు. చూస్తుంది, కానీ పలకదు. అదీ ఆమె పని. కట్ట దిగింది. కింద మనుషులు కొక్కెం విప్పారు. ఉత్త కొక్కెం పైకి లేచింది.

అప్పుడు మోగింది క్రేను హారను. అవసరానికి మించి, వీధంతా నిండేలా, సూపర్‌వైజరు ఏమన్నా అననీ అన్నంత సేపు మోగింది. కింద దుకాణాలవాళ్ళు బయటికి వచ్చి తలలెత్తారు.

అత్తయ్య మునికాళ్ళ మీద లేచి, గుడ్డ కొసని తలకంటే ఎత్తున పట్టుకుని, గోడమీంచి వాళ్ళవైపు వంగింది.

"మా అమ్మాయే. క్రేను మీదున్నది మా అమ్మాయి," అని కేకేసింది. తర్వాత ఏదో మర్చిపోయినట్టు నావైపు తిరిగి చూసి, మళ్ళీ కిందికి వంగింది. "ఈయన మా అల్లుడు. పిల్లకి పాలు పట్టాడు."

నా భుజం మీద పాప పెద్దగా తేన్చింది.