ముఫ్లెహ్ ఒట్టు, తుర్ఫా పథ్యం

మొగుడు తన కాపురాన్ని పందెం ఒడ్డాడన్న సంగతి తుర్ఫాకు పక్కింటావిడ పిట్టగోడ మీదుగా చెబితేగాని తెలియలేదు. అప్పుడామె డాబా మీద జమీద్ ఉండలు ఎండబెడుతోంది. పెరుగును ఉప్పేసి రాయిలా ఎండబెట్టిన ఆ తెల్ల ఉండలు లేకపోతే కరక్ ఊళ్లో పెళ్లి భోజనమూ లేదు, చావు భోజనమూ లేదు.

"ఏం ఉమ్ రాకాన్, నీ మొగుడు మాత్ర మింగితే నీకు తలాఖ్ అట కదా! చావిట్లో అందరి ముందూ ఒట్టేశాడట. మా ఆయన ఇప్పుడే వచ్చి చెప్పాడు" అంది పక్కింటావిడ. పెద్దకొడుకు రాకాన్ పేరు మీద తుర్ఫాను అందరూ అలాగే, రాకాన్ తల్లి అని పిలుస్తారు. మొహంలో జాలి పెట్టుకుందిగాని, గొంతులో మాత్రం పండగ చేసుకుంటోంది.

జరిగింది ఇదీ. ఆ పొద్దున ఆసుపత్రిలో డాక్టరమ్మ రుబా ముఫ్లెహ్ రక్తపరీక్ష చూసి, చెడ్డ కొలెస్ట్రాల్ బాగా ఎక్కువైందని చెప్పింది. "గుండెజబ్బు లేదు, షుగర్ లేదు కాబట్టి మూడు నెలలు ఆగి చూద్దాం. తిండి మార్చి రోజూ నడవండి. అప్పటికీ దిగకపోతే మాత్ర వేసుకోక తప్పదు" అంది. ముఫ్లెహ్ అక్కణ్నుంచి ఇంటికి రాకుండా తిన్నగా వాళ్ల వంశం మగాళ్లందరూ కూర్చునే చావిడికి పోయి కూర్చున్నాడు. పోయినవాడు నోరు మూసుకున్నాడా? లేదు. బాబాయి కొడుకు హాబెస్ అడగ్గానే అంతా చెప్పేశాడు.

"అయితే అన్నా, ఇన్నాళ్లూ మన్సఫ్ పళ్లెం ముందు ఆంబోతులా కూర్చునేవాడివి. ఇక మా మామ్మలాగా కొంగున మాత్రలు కట్టుకు తిరుగు!" అన్నాడు హాబెస్.

చావిడంతా గొల్లుమంది. ముఫ్లెహ్ పటాలంలో వంటశాల పెద్దగా పనిచేసి రిటైరైనవాడు. ఆ వంశంలో ఏ విందు జరిగినా మన్సఫ్ పళ్లెంలో అన్నం మీద జమీద్ పులుసులో ఉడికిన గొర్రెమాంసం పేర్చి, దాని మీద కాగిన నెయ్యి పోసే చెయ్యి అతనిదే. అలాంటివాడికి మామ్మతో పోలికా! రక్తం నెత్తికెక్కింది. "నా పెళ్లాం తలాఖ్ మీద ఒట్టు! ఆ మాత్ర నా నోట్లో పడిన రోజున తుర్ఫా నాకు పరాయిది!" అని లేచి అరిచాడు.

ఆ ఊళ్లో మగాళ్లు తలాఖ్ మీద ఒట్టు పెట్టడం కొత్తేమీ కాదు. చుట్టానికి ఇంకో ముద్ద తినిపించడానికి పెడతారు, స్నేహితుడి బస్సు టికెట్టు తానే కొనడానికి పెడతారు. ఇంట్లో ఆడవాళ్లు కూడా వినీ విననట్టు ఊరుకుంటారు. కానీ పెళ్లాం పేరు పెట్టి, నలుగురిలో, అదీ తన ఒంట్లో పేరుకున్న కొవ్వు గురించి? ఇంతటి ఘనకార్యం మునుపు ఎవడూ చెయ్యలేదు.

మధ్యాహ్నం ఇంటికొచ్చి, "ఏంటే, అన్నం పెట్టవా?" అన్నాడు ముఫ్లెహ్.

"పెడతా. ముందు ఇది చెప్పు. నేను నీకింకా పెళ్లాన్నేనా?"

"మాత్ర మింగలేదుగా! పెళ్లానివే" అని నవ్వాడు.

ఆ నవ్వు తుర్ఫా గుండెలో ముల్లులా దిగింది. తాను అరుస్తానని, ఏడుస్తానని ఆమే అనుకుంది. రెండూ చెయ్యలేదు. అతను పటాలంలో ఉన్నన్నాళ్లూ ఈ ఇంట్లో పిల్లల్ని ఒంటరిగా పెంచింది ఎవరు? మంచం పట్టిన అత్తగారికి చివరి వరకూ ఒళ్లు తుడిచింది ఎవరు? ఇంత చేసిన మనిషి అతని నోటికి బస్సు టికెట్టుతో సమానమైపోయింది. ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఆ మంట చల్లారనివ్వకూడదని అప్పుడే అనుకుంది.

మర్నాడు మసీదు షేక్ దగ్గరకు పోయి సంగతంతా చెప్పింది. ఆయన గడ్డం సవరించుకుంటూ విన్నాడు. "తలాఖ్ అంటే ఆటకాదమ్మా. కానీ వాడు నిన్ను వదలాలని అనుకోలేదు, మాట బలానికి అన్నాడంతే. అలాంటప్పుడు ఒట్టు తప్పినా కాపురం పోదు. పదిమంది పేదలకు అన్నం పెట్టి ప్రాయశ్చిత్తం చేసుకుంటే సరి. అతన్నే ఒకసారి రమ్మను, మనసులో ఏముందో అతని నోటితో వింటాను."

"పంపిస్తాను షేక్‌గారూ" అంది తుర్ఫా.

పంపలేదు. ఇంటికొచ్చాక ముఫ్లెహ్, "ఏమన్నాడు?" అని అడిగితే, "తలాఖ్ అంటే ఆటకాదన్నాడు" అని మాత్రం చెప్పింది. అది అబద్ధం కాదు కదా. ముఫ్లెహ్ మొహంలో నవ్వు మెల్లగా దిగిపోయింది. అది చూడ్డానికి తుర్ఫాకు చాలా బాగుంది.

ఆ సాయంత్రమే ఆమె నేతి డబ్బా ఎత్తింది. పచ్చిక రోజుల్లో తీసిన గొర్రె నెయ్యి, ముఫ్లెహ్ ప్రాణం అందులో ఉంది. దాన్ని చెత్తలో పారబోయలేదు, చెల్లెలికి పంపలేదు. తిన్నగా హాబెస్ పెళ్లాం చేతికిచ్చొచ్చింది. రెండిళ్లకూ మధ్య ఒక సందే అడ్డం. ప్రతి శుక్రవారం హాబెస్ వంటింట్లోంచి ఆ నెయ్యి కాగిన వాసన గాలిలో తేలి వచ్చేది. ముఫ్లెహ్ కిటికీ దగ్గర ముక్కు ఎగబీలుస్తూ నిలబడేవాడు.

"అది మన నెయ్యి వాసనలా లేదూ?"

"మనదే. నీ కాపురం నిలబడాలి కదా అని ఇచ్చేశాను. తెచ్చి పోయమంటావా? పోస్తాను. కొలెస్ట్రాల్ పెరుగుతుంది, డాక్టరమ్మ మాత్ర ఇస్తుంది, నేను పుట్టింటికి పోతాను. నీ ఇష్టం."

అతను కిటికీ మూసేశాడు.

పొద్దున ఓట్స్ జావ. మధ్యాహ్నం ఉడికించిన పప్పు, లేదంటే పచ్చి గోధుమ వేయించి వండిన ఫ్రీకె, పైన నాలుగు చుక్కలు ఆలివ్ నూనె. పొద్దుగూకాక వంకాయో, కాలువ గట్టున కోసుకొచ్చిన ఆకుకూరో. వారానికోసారి తోలు తీసిన కోడిముక్క, అదీ మాటలు పడ్డాకనే. పటాలానికంతటికీ వండిపెట్టిన మనిషి గిన్నె మూత తీసి చూసి, "ఇది ఖైదీలకు కూడా పెట్టేవాళ్లం కాదు" అన్నాడొకసారి.

"ఖైదీలు పెళ్లాల మీద ఒట్టు పెట్టలేదుగా" అంది తుర్ఫా, ఇంకో గరిటె వడ్డిస్తూ.

తిండి కన్నా నడకే అతనికి ఎక్కువ బాధ. కరక్ అంటే కొండకొమ్మున కోట, కోట చుట్టూ అతుక్కుని ఊరు. ఏ పక్కకు నడిచినా దిగడమో ఎక్కడమో తప్పదు. దిగువన ఊటకు పోవడానికి వేరే దారులున్నాయి. తుర్ఫా మాత్రం రోజూ చావిడి ముందు నుంచే నడిపించింది, అదీ మగాళ్లందరూ అరుగు మీద కాఫీ తాగే వేళకు. తను వెనకాల, అతను ముందు.

"ఏం వదినా, దొంగను పట్టుకెళ్తున్నావా?" అని అరుగు మీంచి హాబెస్ కేకేశాడు.

"లేదు మరిదీ, మొగుణ్ణి నిలబెట్టుకుంటున్నా. నీ నోటి పుణ్యమే కదా!"

అరుగంతా నవ్వింది. ముఫ్లెహ్ తల దించుకుని గబగబా నడిచాడు. గబగబా నడవడమే డాక్టరమ్మ చెప్పింది కూడా. అలా సిగ్గుతో నడిచీ నడిచీ అతని పొట్ట తగ్గింది, బెల్టుకు కొత్త బెజ్జం పడింది. తుర్ఫా తన అక్కచెల్లెళ్లను పిలిచి మన్సఫ్ వండిన రోజున కూడా అతన్ని ముందుగా నడకకు పంపింది. అతను చెమటలు కక్కుతూ తిరిగొచ్చేసరికి ఆడవాళ్లందరూ పళ్లెం చుట్టూ కూర్చుని వేళ్లు నాకుతున్నారు. అతనికి మూలన పప్పు గిన్నె మూతపెట్టి ఉంది. అంత క్రూరత్వం అవసరమా అని పెద్దక్క మందలించింది. "అవసరమే" అంది తుర్ఫా. నిజంగానే అలా అనుకుంది.

ఒక రోజు మాత్రం ఆమె కోపం జావగారిపోయింది. ఊట నుంచి పైకెక్కుతుంటే ముఫ్లెహ్ ఉన్నట్టుండి రోడ్డు పక్కన రాయి మీద కూలబడి, ఛాతీ మీద చెయ్యేసుకున్నాడు. మొహం పాలిపోయింది. తుర్ఫా పరుగెత్తి పక్కన కూర్చుని, కొంగుతో మొహం తుడిచి, మెడ గుడ్డ వదులు చేసింది. ఇంత పని చేశానా అనిపించింది. వీడు పోతే నేనేం చేసుకుంటాను ఈ పంతాన్ని? ఆ క్షణంలో అంతా చెప్పేద్దామనుకుంది: ఒట్టు పెద్దది కాదు, పదిమందికి అన్నం పెడితే పోతుంది, లే, ఆసుపత్రికి పోదాం, మాత్ర వేసుకో, నువ్వు బతికుంటే చాలు.

"ముఫ్లెహ్, విను..." అని మొదలుపెట్టింది.

అతను ఊపిరి కూడదీసుకుని, "ఇప్పుడు నేను చస్తే..." అన్నాడు. ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇప్పుడు నేను చస్తే ఆ హాబెస్‌గాడు ఎంత నవ్వుతాడో!"

తుర్ఫా చెయ్యి వెనక్కి లాక్కుంది.

మర్నాడు పొద్దున్నే ఆసుపత్రికి లాక్కుపోయింది. డాక్టరమ్మ రుబా గుండెకు పట్టీలు అంటించి చూసి, ఏమీ లేదు, నీళ్లు తాగకుండా ఎండలో నడిచాడంతే అంది. తుర్ఫా ఆమెను పక్కకు పిలిచి, "మూడు నెలలకు దిగకపోతే నాకు చెప్పండి. మాత్ర నేనే మింగిస్తాను, ఆ సంగతి నాకొదిలెయ్యండి" అంది. మొగుణ్ణి చంపుకోవాలని ఆమెకు లేదు. వాడు బతకాలి, బతికి తెలుసుకోవాలి.

గడువయ్యాక పరీక్ష చేస్తే కొలెస్ట్రాల్ చక్కగా దిగింది. డాక్టరమ్మే నమ్మలేక కాగితం రెండుసార్లు చూసింది. "ఇలాగే సాగించండి, మాత్ర అక్కర్లేదు. ఎవరు వండుతున్నారు మీకు?" అని అడిగింది.

"ఒట్టు పెట్టానండీ, మగాడి ఒట్టు!" అన్నాడు ముఫ్లెహ్.

తుర్ఫా పక్కనే ఉంది. ఇంకా ఒక మెతుకంత జాలి మిగిలుంటే అక్కడే పోయింది.

ఆ శుక్రవారం ముఫ్లెహ్ తన ఇంట్లోనే వంశమందరికీ విందు పెట్టాడు. చావిట్లో నవ్విన ప్రతివాణ్ణీ పిలిచాడు, షేక్‌ను పిలిచాడు, హాబెస్‌ను అందరికన్నా ముందు కూర్చోబెట్టాడు. తాను మాత్రం మాంసం ముట్టకుండా పప్పు తిన్నాడు, అదీ అందరూ చూసేలా. భోజనాలయ్యాయి. కాఫీ తిరుగుతోంది. ముఫ్లెహ్ గోడకు చేరగిలబడి, "చూశారా? మాట మీద నిలబడేవాడికి ఏ మందూ అక్కర్లేదు. నా ఒట్టే నాకు వైద్యం. ఇంకో ఒట్టు పెట్టమంటారా?" అన్నాడు.

అప్పుడు తుర్ఫా లోపలికొచ్చింది. మగాళ్ల కూటంలోకి అలా నడిచిరావడం చూసి మాటలు ఆగిపోయాయి. కాఫీ పోస్తున్నవాడి చేతిలోంచి నిండు కప్పు తీసుకుంది, ముఫ్లెహ్ ఎదురుగా కూర్చుంది, తాగకుండా అతని ముందు నేల మీద పెట్టింది.

ఇక చెప్పేదేముంది? కప్పు తాగకుండా ముందు పెట్టారంటే కోరిక ఉందని అర్థం. ఆ కాఫీ చల్లారితే ఇంటాయన పరువు పోయినట్టే. పెళ్లి అడగడానికీ, రక్తపు తగువులు తీర్చడానికీ పెద్దలు పెట్టే కప్పు అది. సొంత మొగుడి ముందు పెట్టిన ఆడదాన్ని అక్కడ ఎవరూ చూసి ఉండలేదు.

ముఫ్లెహ్ ఒక్క క్షణం తెల్లబోయాడు. తర్వాత చుట్టూ చూశాడు. అందరూ అతన్నే చూస్తున్నారు. బంగారు గాజులో, మక్కా ప్రయాణమో అడుగుతుందనుకున్నాడు. ఛాతీ పొంగింది. "తాగు ఉమ్ రాకాన్! నువ్వేదడిగినా ఇచ్చాను. వీళ్లందరూ సాక్షులు" అన్నాడు.

తుర్ఫా కాఫీ తాగింది. ఖాళీ కప్పు కింద పెట్టి, షేక్ వైపు తిరిగింది. "షేక్‌గారూ, ఈయన ఒట్టు పెట్టిన మర్నాడు మీరు నాకేం చెప్పారో వీళ్లకు చెప్పండి."

"పదిమంది పేదలకు అన్నం పెడితే పోతుందన్నాను. నువ్వు చెప్పలేదా అతనికి?" అన్నాడు షేక్ ఆశ్చర్యపోయి.

"లేదు."

కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. ముందుగా హాబెస్‌కు అర్థమైంది. అతని నవ్వుతో కూటమంతా పగలబడింది. మూడు నెలల ఓట్స్, కొండెక్కడాలు, కిటికీ దగ్గర పీల్చిన నేతి వాసన, ఒక్కొక్కటీ ముఫ్లెహ్ మొహంలో ఎర్రగా తేలాయి. తుర్ఫా నవ్వలేదు. నవ్వులు ఆగేదాకా కూర్చుంది.

"ఇది నా కోరిక కాదు. కోరిక ఇదీ" అంది. "తలాఖ్ చెప్పే హక్కు నాకూ కావాలి. నువ్వు నీ నోటితో నాకు అప్పగించాలి, షరియా కోర్టుకొచ్చి రాయించాలి. ఇకమీద మన కాపురం నీ నోట్లోనే కాదు, నా నోట్లో కూడా ఉండాలి."

ముఫ్లెహ్ షేక్ వంక చూశాడు, ఆయన ఏదో ఒక అడ్డు చెప్పకపోతాడా అని. "మొగుడు ఇస్తే చెల్లుతుంది. ధర్మంలో ఉన్నదే" అన్నాడు షేక్, కళ్లు దించుకుని. హాబెస్ కూడా ఈసారి నవ్వలేదు, తన పెళ్లాం ఈ మాట విన్నదేమోనని వంటింటి వైపు చూశాడు.

శుక్ర, శనివారాల సెలవులయ్యాక ఆదివారం కోర్టులో పని అయిపోయింది. బయటికొచ్చి ఇద్దరూ ఎత్తు ఎక్కుతున్నారు, ఈసారి తుర్ఫా ముందు, ముఫ్లెహ్ వెనక. కొంత దూరం పోయాక అతను ఆగాడు.

"తుర్ఫా, నువ్వు నిజంగా... ఎప్పుడైనా ఆ మాట అంటావా?"

ఆమె వెనక్కి తిరిగి చూసింది. అతని కళ్లు ఆమె పెదాల మీదే ఉన్నాయి, అక్కణ్నుంచి ఏం రాలిపడుతుందో అని. జమీద్ ఉండల మధ్య నిలబడి పక్కింటావిడ మాట విన్నప్పుడు తనకెలా ఉందో, అతనికిప్పుడు అలాగే ఉందని తెలిసింది. అననని ఒక్క మాట చెబితే చాలు, ఆ భయం పోతుంది. ఆ మాట ఆమెకు నిజం కూడా.

చెప్పలేదు. "పద, ఎండెక్కుతోంది" అని నడిచింది.