దిద్దిన వాంగ్మూలం

దిద్దుళ్లమ్మ ఫోన్‌లో మాట్లాడుతూనే ఎడమ చేత్తో సైగ చేసింది, లోపలికి పొమ్మని. వదిన గుమ్మంలో ఒక్క క్షణం నిలబడి, చంకలో మూటతో గోడ వారగా, ఫోన్‌కి కనబడకుండా వంటింట్లోకి వెళ్లింది. ఆ నడక ఆమెకి అలవాటే. మరదలు వీడియోలో మాట్లాడుతున్నంతసేపూ ఎక్కడ అడుగు వెయ్యాలో, ఏ గిన్నె కదపకూడదో ఎవరూ చెప్పకుండానే నేర్చుకుంది.

ఫోన్‌లో ఉన్నాయన రిటైరైన పెద్ద ఉద్యోగి. తన జీవిత చరిత్ర తనే రాసుకున్నాడు. అచ్చుకి ఇచ్చేముందు అందులో తప్పులు దిద్ది, చెప్పిందే మళ్లీ చెప్పిన చోటల్లా కత్తిరించి, నున్నగా చేసిపెట్టడం దిద్దుళ్లమ్మ పని. పేజీకింతని లెక్క. ఏజెంటు తన వాటా పట్టుకోగా మిగిలింది, పది పేజీలకి, వారం కూరలకి సరిపోతుంది. ఇంటి అద్దె మాత్రం లాండ్రీలో వదిన సంపాదించే జీతంలోంచే వెళ్తుంది. వదిన తమ్ముడే దిద్దుళ్లమ్మ మొగుడు; లారీ తోలే అతను ఇంట్లో ఉండేదే తక్కువ.

ఇవన్నీ ఆ పెద్దాయనకి తెలియవు. తెలియకూడదనే ఆమె తాపత్రయం. కుర్చీ వెనక పుస్తకాల అలమర కనబడేలా ఫోన్ నిలబెట్టుకుంటుంది. అలమర పక్కనే బట్టల తీగ ఉంది. ఎవరైనా ఫోన్ చేస్తున్నారనగానే, తీగ మీద వదిన నీలం యూనిఫాం చొక్కా ఉంటే లాగి మంచం కిందకి తోసేస్తుంది. ఆరిందా లేదా అని చూడదు. ఆ రోజూ అదే చేసింది.

"మీ చేతిలో పడ్డాక నా జీవితానికే ఒక గౌరవం వచ్చిందమ్మా," అన్నాడు పెద్దాయన.

ఆ పొగడ్త ఒంటికి పట్టించుకుని దిద్దుళ్లమ్మ వంటింట్లోకి వెళ్లింది. ఈ వేళప్పుడు వచ్చావేంటి, ఒంట్లో బాలేదా అని అడిగింది. పొద్దున్నే షిఫ్టుకి వెళ్లిన మనిషి దీపాలు పెట్టే వేళకి గాని ఇల్లు చేరదు. వదిన నీళ్లు తాగి గ్లాసు బోర్లించింది.

"చొక్కా తీసేసుకున్నారు," అంది. "రెండోది రేపు తెచ్చి ఇచ్చెయ్యమన్నారు."

పని పోయిందని చెప్పడానికి ఆమెకి అంతకంటే మాటలు అక్కర్లేకపోయాయి. ఎందుకు పోయిందో దిద్దుళ్లమ్మ అడగాల్సిన పని లేదు. అడగకుండానే తెలిసింది.

వదిన పనిచేసేది దుప్పట్లు మడిచే హాల్లో. హోటళ్ల నుంచి దుప్పట్లు వ్యాన్లకొద్దీ వస్తాయి. ఉతికి, ఇస్త్రీకి ఆవిరి రోలర్ల మీదుగా పంపాక, అటొకరూ ఇటొకరూ పట్టుకుని మడవాలి. ఆ హాలుకి వెనక తలుపొకటి ఉంది. దుప్పట్లు బయటికి పోతున్నాయన్న అనుమానంతో దానికి తాళం వేశారు. గాలి లేదు, ఒంటికి వెళ్లడానికి దారి లేదు. కొత్తగా చేరిన పిల్లకి అయిదో నెల. రోలర్ పక్కన కూలబడిపోయింది. తాళంచెవి వెతికి తెచ్చేసరికి ఆలస్యమైపోయింది. కడుపు నిలవలేదు.

అప్పటిదాకా ఏమన్నా పడి ఉన్న ఆడవాళ్లు ఆ రోజు లాండ్రీ మెట్ల మీద కూర్చుని, తనిఖీ అధికారికి ఫిర్యాదు చేద్దామనుకున్నారు. పన్నెండు మందీ తలొకరు తాము చూసింది చెప్పారు. వదిన తన ఫోన్‌లో అందరి మాటలూ పట్టుకుంది. మా మరదలు దిద్దితే పెద్దపెద్దవాళ్లే మారు మాట్లాడరు, ఆమె చేత రాయిద్దాం అని వాళ్లకి హామీ కూడా ఇచ్చింది. ఇంటికి వచ్చి ఫోన్ మరదలి చేతిలో పెడుతున్నప్పుడు ఆ మొహంలో కనబడిన గర్వం దిద్దుళ్లమ్మకి ఇప్పుడు గుర్తొచ్చింది. గుర్తురాకుండా ఉంటే బాగుండుననిపించింది.

ఎందుకంటే ఆ మాటలు విన్నప్పుడు ఆమెకి కలిగింది కోపం కాదు, సిగ్గు. పన్నెండు మందీ ఒకటే సంగతి, తిప్పి తిప్పి చెప్పారు. ఒకావిడ చెప్పుల అడుగులు వేడికి నేలకి అతుక్కుపోతాయంది. ఇంకొకావిడ ఒంటికి వెళ్లాలంటే ఎలా బతిమాలాలో నలుగురిలో చెప్పుకోకూడనంత వివరంగా చెప్పింది. అందరికీ పెద్దదిక్కైన ముసలావిడ, పెద్దమ్మ, "తాళంచెవి సూపర్‌వైజర్ జేబులో ఉంటది. ఆయన టీకి పోతే జేబు కూడా ఆయనతోనే పోతది కదా," అంది. వెనకాల అంతా నవ్వడం కూడా ఫోన్‌లో పడింది. పిల్ల కడుపు పోయిన సంగతి చెబుతూ మధ్యలో నవ్వులేమిటి? చదువుకున్న అధికారి ఇది చదివితే వీళ్ల గురించి ఏమనుకుంటాడు? రాసింది తనని తెలిస్తే తన గురించి ఏమనుకుంటాడు? ఆ రెండో ప్రశ్నే తనని ఎక్కువ తొలిచిందని అప్పుడు ఒప్పుకోలేదు గాని, సంగతి అదే.

అందుకని అందరి దగ్గరా చేసినట్టే చేసింది. ఒకే సంగతి మళ్లీ వస్తే రెండోది కొట్టెయ్యడం ఆమె చేతికి పట్టుబడిన విద్య. పన్నెండు మంది మాటల్నీ ఒక పేజీకి దించింది. గాలి ప్రసరణ తగినంతగా లేదనీ, వెనక నిష్క్రమణ మార్గం వినియోగంలో లేనందువల్ల కార్మికులకు అసౌకర్యం కలుగుతున్నదనీ రాసింది. కింద అందరి తరఫునా వదిన ఒక్కతే సంతకం పెట్టింది. రాసింది చదువుకుని దిద్దుళ్లమ్మ మురిసిపోయింది కూడా. ఎక్కడా ఒక్క తప్పు లేదు.

ఆ పొద్దున అధికారి లాండ్రీకి వచ్చాడట. మేనేజర్ గదిలో కూర్చుని ఒక్కొక్కరినే పిలిచి, ఆ కాగితం చదివి, ఇవి మీ మాటలేనా అని అడిగాడట. ఆడవాళ్లు అబద్ధం చెప్పలేకపోయారు. ఇవి మేం అన్న మాటలు కావండీ, మాకు అర్థమే కాలేదండీ అన్నారు. పెద్దమ్మ వదలకుండా తాళం సంగతి ఎత్తితే, ఇందులో తాళం ఊసే లేదే అని కాగితం తిప్పి చూపించాడు. ఆమెకి చదవడం రాదని ఆయనకి తోచలేదు. ఎవరో చదువుకున్నవాళ్లు వెనకుండి రాయించారని తేల్చి, రేపు మధ్యాహ్నానికల్లా ఎవరూ కొత్తగా ఏమీ ఇవ్వకపోతే ఫైలు మూసేస్తానని వెళ్లిపోయాడు. ఆ తర్వాత మేనేజర్ వదినని పిలిపించాడు. కేకలు కూడా వెయ్యలేదు. రాసింది ఎవరో గాని చాలా చక్కగా రాశారని మెచ్చుకుని, చొక్కా విప్పించాడు.

ఇంత చెప్పినా వదిన ఒక్క మాట తూలలేదు. తిట్టినా బాగుండేది. అన్నం వడ్డించుకుని, మరదలికీ వడ్డించింది. దిద్దుళ్లమ్మ కంచం పక్కకి జరిపింది. సాయంత్రం టీ వేళ మెట్ల మీదకి వాళ్లంతా వస్తారు కదా, నేనూ వచ్చి మళ్లీ రాస్తాను, ఈసారి ఉన్నదున్నట్టు రాస్తాను అంది. వదిన చెయ్యి కడుక్కుని, సరే రమ్మంది. మంచం కింద నుంచి రెండో చొక్కా తీసింది. పొద్దున తడిగా తోసేసింది ముక్కిన వాసన కొడుతోంది. వదిన దాన్ని ఒకసారి దులిపి చంకలో పెట్టుకుంది. దిద్దుళ్లమ్మ మొహం పక్కకి తిప్పుకుంది.

లాండ్రీ ముందు మెట్ల మీద ఆడవాళ్లు టీ గ్లాసులు పట్టుకుని కూర్చున్నారు. కొత్తపిల్ల కూడా ఉంది, ఇంకా పాలిపోయి. అన్నేళ్లుగా ఆ వీధిలోనే ఉంటున్నా దిద్దుళ్లమ్మ ఆ మెట్ల దాకా రావడం అదే మొదలు. కాగితాలు బయటికి తీసి, మళ్లీ చెప్పండి, ఒక్క ముక్క మార్చను అంది. పెద్దమ్మ గ్లాసు పక్కన పెట్టింది.

"మేం చెప్పమమ్మా," అంది మెల్లిగా. "నీకు చెబితే అది మాది కాకుండా పోతోంది. రేపు మేమే పోయి నోటితో చెప్పుకుంటాం."

"ఆయన వినడు పెద్దమ్మా. నిన్న ఒకటి, ఇవాళ ఒకటి అంటారేంటి అంటాడు."

"అందుకే నువ్వు రాయాల్సింది మా మాట కాదు. నీ మాట రాయి. మేం చెప్పింది ఏమిటో, నువ్వు చేసింది ఏమిటో."

అలా రాసి సంతకం పెడితే ఆ కాగితం మేనేజర్ బల్ల మీదకి వెళ్తుంది. పుస్తకాలతో పాటు హోటళ్ల బ్రోచర్లూ దిద్దడానికి తెచ్చిచ్చే ఏజెంటు చెవిన పడుతుంది. మాట మార్చే మనిషని ఒకసారి పేరు పడితే ఆమెకి ఎవరూ పేజీ ఇవ్వరు. ఇంట్లో ఒక జీతం ఇప్పటికే పోయింది. ఇది దిద్దుళ్లమ్మకి తెలుసు. వదినకీ తెలుసు. అయినా వదిన కింది మెట్టు మీద, ఒళ్లో చొక్కాతో కూర్చునే ఉంది.

దిద్దుళ్లమ్మ రాయడం మొదలుపెట్టింది. చెయ్యి దాని దారినే అది పోయింది. వాంగ్మూలాలను సంక్షిప్తీకరించే క్రమంలో కొన్ని వివరాలు విడిచిపెట్టడం జరిగిందని రాసి, పైకి చదివింది.

"ఎవరు విడిచిపెట్టారు?" అని అడిగింది కొత్తపిల్ల. వెటకారం కాదు, నిజంగానే అర్థంకాక అడిగింది.

దిద్దుళ్లమ్మ ఆ వాక్యం కొట్టేసి మళ్లీ రాసింది. తలుపుకి తాళం ఉందని పన్నెండు మందీ చెప్పారు. తాళంచెవి ఎవరి జేబులో ఉంటుందో చెప్పారు. పిల్ల పడిపోయినప్పుడు అది దొరకలేదని చెప్పారు. అవన్నీ నేను తీసేశాను. పైకి చదివింది. ఆడవాళ్లు తలలూపారు.

"ఎందుకు తీసేశావో రాయవా?" అంది పెద్దమ్మ.

"సిగ్గేసింది, పెద్దమ్మా."

"అదే రాయి."

రాసింది.

"ఎవరిని చూసి సిగ్గేసిందో, అది కూడా రాయమ్మా. లేకపోతే ఆయనకి ఎలా తెలుస్తది?"

లోపల షిఫ్టు గంట మోగింది. ఒక్కరూ లేవలేదు. దిద్దుళ్లమ్మ "మా వదినని" అని రాసింది. ఆ తర్వాత కలం కదల్లేదు. పై మెట్ల మీద అందరూ ఆమె చేతి వంకే చూస్తున్నారు. వదిన మాత్రం తల ఎత్తలేదు. ఒళ్లో చొక్కా మడత విప్పి, చేత్తో సాపు చేసి, మళ్లీ మడత పెడుతోంది.