అండాలు వంటావార్పు వీడియో

“వీడియోలు గీడియోలు తర్వాత. ముందుగాల నా అంగి ఉతికినవా?” అన్నాడు రాజేందర్.

అండాలు ఆ అంగినే పిండుతోంది. డ్యూటీ దిగాక ఉద్యమ శిబిరంలో కూర్చోడానికి అతను వేసుకునే తెల్ల అంగి అది. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైన నాటి నుంచి రోజూ ఉతకాల్సి వస్తోంది. ఉద్యమానికి పోయేది అతను, అంగి ఉతికేది ఈమె. మరి ఈమె ఉద్యమంలో ఉన్నట్టా, లేనట్టా? ఎవరినడగాలి?

ఇంతకీ ఆమె అడిగింది ఏమంత గొప్ప కోరికనీ! మొన్న ఆదివారం గచ్చిబౌలి చౌరస్తాలో వంటావార్పు జరిగింది. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే తిని, బండ్లను కదలనివ్వని నిరసన. వండిందెవరు? నానక్‌రామ్‌గూడ ఆడవాళ్లు. ముప్పై కిలోల ఉల్లిగడ్డలు కోశారు. పొగకు కళ్లు మండుతుంటే అండాలు పాట ఎత్తుకుంది. తను కట్టిన పాటే. కంపెనీల అద్దాలు తుడిచే చేతుల మీద, బాత్రూములు కడిగే చేతుల మీద, రేపు రాష్ట్రం వస్తే ఆ చేతులకు దక్కేదేమిటన్న దాని మీద. పక్కింటి స్వప్న దాన్నంతా అండాలు ఫోన్లోనే వీడియో తీసింది. ఇంతలో టీవీ వాళ్ల బండి వచ్చింది. కమిటీ నాయకుడు నర్సింహ ఉరికొచ్చి అండాలు చేతిలోని గంటె గుంజుకున్నాడు. కెమెరాలున్నంతసేపు గుండిగలో తెగ తిప్పాడు. అవి పోగానే గంటె ఆమె చేతిలో పెట్టి, “అడుగంటుతది, జర చూడు” అని చెప్పి పోయాడు. మర్నాడు పేపర్లో నర్సింహ ఫొటో, పక్కన ఎవరిదో మోచేయి. ఆ మోచేయి అండాలుది. ఒళ్లు మండదా మరి!

స్వప్న తీసిన వీడియోలో ఇదంతా ఉంది, గంటె గుంజుకోవడంతో సహా. దాన్ని యూట్యూబ్‌లో పెడతానంది అండాలు. అంతే.

“మొగోళ్లందరు సూస్తరు. ఇజ్జత్ ఉంటదా?” అంది అత్త పోచమ్మ.

“నీ మొఖం ఎవడు సూస్తడే!” అని నవ్వాడు రాజేందర్.

అందరూ చూస్తారని తల్లి, ఎవడూ చూడడని కొడుకు. ముందు వాళ్లిద్దరూ కూర్చుని ఏదో ఒకటి తేల్చుకోవచ్చుగా! మూడొందల మంది మగవాళ్ల మధ్య చెమటలు కారుతూ వండినప్పుడు పోని ఇజ్జత్, పాట నలుగురికీ వినబడితే పోతుందట. అండాలు అంగి దండెం మీద ఆరేసి, ఫోను కొంగులో చుట్టుకుని డ్యూటీకి బయల్దేరింది.

ఆమె గచ్చిబౌలిలో ఒక కంపెనీలో హౌస్‌కీపింగ్ పని చేస్తుంది. రోజుకు రెండొందల కంప్యూటర్లు తుడుస్తుంది. తుడిచేటప్పుడు ఒక్క మీట కూడా నొక్కుకుపోకుండా తుడవడమే ఆమె పనితనం. ఆరేళ్లుగా అంత జాగ్రత్తగా నేర్చుకున్న చేతులాయె, ఆ సాయంత్రం చెన్నకేశవులు నెట్ సెంటర్లో కూర్చుని మీట నొక్కమంటే వేళ్లు ముందుకే రాలేదు.

“నొక్కమ్మా, ఏంగాదు,” అన్నాడు చెన్నకేశవులు. యాభై దాటిన మనిషి, ఓపికస్తుడు.

మెయిల్ ఐడీ కావాలన్నాడు. పేరు కొట్టమన్నాడు. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ తన పేరు కొట్టడానికే పావుగంట పట్టింది. పాస్‌వర్డ్ పెట్టుకోమని అతను మొహం అవతలికి తిప్పుకున్నాడు.

“ఎవరికి చెప్పకు. మీ ఆయనకు గూడ.”

“ఆయనకు గూడనా?” అంది అండాలు. ఏటీఎం కార్డు అతని దగ్గరే, దాని నంబరూ అతని దగ్గరే. జీతం పడ్డట్టు మెసేజ్ వచ్చేదీ అతని ఫోనుకే. అతనికి తెలియనిదంటూ ఒకటి తన దగ్గర ఉండొచ్చని ఆమెకు ఇన్నాళ్లూ తోచనే లేదు. ఏం పెట్టాలా అని చాలాసేపు ఆలోచించి పెట్టుకుంది.

తీరా చూస్తే వీడియో అడ్డంగా ఉంది. స్వప్న ఫోను నిలువుగా పట్టుకుందట. పొయ్యిలు, గుండిగలు, మనుషులు అంతా పక్కకు పడుకున్నారు.

“ఇట్లయితే చూసెటోళ్లు మెడ వంచాలెనమ్మా,” అన్నాడు చెన్నకేశవులు.

“వంచనీ అన్నా. మేం వంచలేదా?” అంది అండాలు. అతను పకపకా నవ్వాడు. నవ్వి, యూట్యూబ్ మీదికి ఎక్కించడం మొదలుపెట్టాడు. పది శాతం, ఇరవై, నలభై. డెబ్బై ఒకటి దగ్గర కరెంటు పోయింది. బొగ్గు గనుల సమ్మెతో ఊరంతా కోతలే. గంట కూర్చుంది, రాలేదు. ఇంటికి పోతే అన్నం ఆలస్యమైందని పోచమ్మ గిన్నెలు విసిరింది. ఎక్కడికి పోయిందో రాజేందర్‌కు చెప్పక తప్పలేదు.

మర్నాడు సాయంత్రం మళ్లీ పోయేసరికి, నెట్ సెంటర్లో అదే కుర్చీలో రాజేందర్ కూర్చుని ఉన్నాడు. తెల్ల అంగి వేసుకుని, నవ్వుతూ.

“రా రా! నర్సింహన్నకు చెప్పిన, మస్తు ఖుషీ అయిండు. పెట్టుమన్నడు. గా గంటె ముచ్చట కోసెయ్యి. పాట రాసింది అన్ననే అని పెడ్దాం. రేపు రాష్ట్రమొస్తే మనకు అక్కరకొస్తడు. పాస్‌వర్డ్ చెప్పు.”

అండాలు నిలబడే ఉంది. నిన్నటిదాకా ఎవడూ చూడని మొఖం, ఇవాళ అన్న పేరు పెడితే పనికొచ్చింది!

“చెప్పవేందే?”

“చెప్ప.”

“ఏందీ?”

“పాట నాది. లే ఆడికెళ్లి.”

“నీకేమన్న పిచ్చా? ఉద్యమంల నీది నాది అని ఉంటదా?”

“మరి నర్సింహన్నది ఎట్లుంటది?” అంది అండాలు. “దినాం మైకుల ఆత్మగౌరవం అంటరు గద. గదే నాకు గావాలె. నా పాట మీద నా పేరు ఉండనియ్యనోళ్లు నాకు రాష్ట్రం తెస్తరా?”

చెన్నకేశవులు దగ్గాడు. పక్క కంప్యూటర్ల ముందున్నవాళ్లు తిరిగి చూశారు. రాజేందర్ లేచాడు. లేచి, గొంతు తగ్గించాడు.

“సరే, నీ పేరే పెట్టుకో. గా ప్రైవేట్ అని ఉంటదట గద, అందుల పెట్టు. మనింటోళ్లం సూస్తం. సాలదా?”

మనింటివాళ్లు! పదమూడేళ్లుగా చూస్తున్నది వాళ్లే కదా. వండుతుంటే చూశారు, ఉతుకుతుంటే చూశారు, జ్వరంతో డ్యూటీకి పోతుంటే చూశారు. చూసి కూడా ఒక్కనాడూ చూసినట్టు లేరు. అండాలు కుర్చీలో కూర్చుంది. వీడియో ఎక్కడా కోయలేదు. పేరు దగ్గర తన పేరే ఉంచింది.

“అన్నా, అందరికి కనబడాలంటే ఏది నొక్కాలె?”

చెన్నకేశవులు చూపించాడు. ఆమె నొక్కింది. ఈసారి వేలు తడబడలేదు. తెర మీద ఒకటి, రెండు, మూడు శాతం.

“కరెంటు ఉంటే రెండు గంటలమ్మా,” అన్నాడతను.

రాజేందర్ గడియారం చూసుకున్నాడు. ఆమె లేచేలా లేదు. “మరి వంట?” అన్నాడు.

“ఇంట్ల కెమెరాలుండయి,” అంది అండాలు, తెర మీంచి చూపు తిప్పకుండా. “అయినా పోయి వండు.”