మనిషికో గొంతు

ఇస్త్రీ అక్క చెయ్యి ఆవిరి ప్రెస్సు కింద పడి కాలిపోవడం మా కుట్టు షెడ్డులో అందరం చూశాం. పని జోరుగా సాగాలని, చెయ్యి లోపలికి పోకుండా ప్రెస్సుకు అడ్డంగా ఉండే రేకును మేనేజరే ఊడదీయించాడు. అదీ చూశాం. అయినా, పై ఆఫీసువాళ్లు విచారణకు వస్తే తప్పు అక్కదేనని చెప్పడానికి అందరం ఒప్పుకున్నాం.

ఎలా ఒప్పుకున్నారంటారా? మేనేజర్ పనితనమే అది. మనిషిని చూసి గొంతు మార్చేవాడు. ఒక్కొక్కరినే గదిలోకి పిలిచాడు. కటింగ్ మాస్టర్‌కు కుర్చీ వేసి, మీ అనుభవం ముందు నేనెంత, మీరే గట్టెక్కించాలి అన్నాడట. కొత్తగా చేరిన గుండీలావిడను మాత్రం నిలబెట్టి, రేపటి నుంచి రావద్దంటే ఏం చేస్తావని గద్దించాడు. నన్ను చెల్లెమ్మా అన్నాడు. మా ఆయన జబ్బు గురించి అడిగి కళ్లు తుడుచుకున్నాడు. అంతే, కరిగిపోయాను.

ఎవరి మాట వాళ్లం కడుపులో పెట్టుకుని తిరిగాం. ఆ గౌరవం తనకొక్కడికే దక్కిందని మాస్టరూ, నాకొక్కదానికే దక్కిందని నేనూ లోలోపల మురిసిపోయాం కూడా. ఛీ, ఏం బతుకు!

అక్కను చూడ్డానికి ఆస్పత్రికి వెళ్లాం. ఆవిడ కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని, మీరు నిజం చెబుతారుగా అని అడిగింది. తప్పు తనదేనని తేలితే పని పోతుంది. ఆ చేత్తో ఇంకెవరు పెట్టుకుంటారు? చివరికి గుండీలావిడ ఏడుస్తూ గదిలో జరిగింది చెప్పేసింది. మాస్టర్ తెల్లబోయాడు. "నాతో అంత మర్యాదగా మాట్లాడాడే!" అన్నాడు. నేనూ నా సంగతి బయటపెట్టాను. అక్క మంచం పక్కనే తేల్చుకున్నాం, మంచికి పిలిచినా చెడ్డకు పిలిచినా ఆ గదిలోకి ఎవరూ ఒంటరిగా వెళ్లకూడదని.

విచారణ రోజు పై ఆఫీసువాళ్లు మొదట మాస్టర్‌ను మేనేజర్ గదిలోకి పిలిచారు. అందరం లేచి వెళ్లాం. గది చాలక సగం మంది గుమ్మంలోనే ఆగారు. మేనేజర్ నవ్వాడు, గద్దించాడు, బతిమాలాడు. నావైపు తిరిగి చెల్లెమ్మా అనేసరికి గుండీలావిడ ఫక్కున నవ్వింది. ఇంతమందికి కలిపి ఏ గొంతు వాడాలో పాపం వాడికి తెలియలేదు.

"రేకు తీయించింది ఈయనే. అక్క తప్పేం లేదు. అందరం చూశాం," అన్నాడు మాస్టర్.

గలాటా చేశాడని ఆ సాయంత్రమే మాస్టర్‌ను పోలీసులు పట్టుకుపోయారు. మేం మిషన్లు ఆపేశాం.

మర్నాడు పాతవాడి స్థానంలో కొత్త మేనేజర్ దిగాడు. ఇతను అరవడు. చొక్కా చేతులు మడుచుకుని, మా మధ్యే స్టూలు వేసుకుని కూర్చున్నాడు. నన్ను సార్ అనకండి, స్నేహితుణ్ననుకోండి, ఒక్కొక్కరి కష్టం విడివిడిగా వింటాను అన్నాడు. తిట్టేవాడికంటే వీడితోనే ప్రమాదం. మాలో కొందరు అప్పుడే మెత్తబడుతున్నారు.

గుండీలావిడ లేచింది.

"విడివిడిగా ఏం లేదండీ. రేకు బిగించండి. అక్కని పన్లోకి తీసుకోండి. మాస్టర్ని ఇంటికి పంపించండి. స్నేహం సంగతి తర్వాత చూద్దాం."

అతను చిరునవ్వు చెదరకుండా, మీరొక్కసారి గదిలోకి వస్తారా అమ్మా అన్నాడు.

"రాదు," అన్నాను నేను.

నా వెనక షెడ్డంతా అదే మాట అంది.