ఓపిక ఉన్న గొంతు

ఆ దొంగ గొంతు విన్న ప్రతిసారీ నాకు ఏదో తేడా కొట్టేది. ఏమిటో మాత్రం చిక్కేది కాదు. నాకు కోపం ఎక్కువ, కుతూహలం అంతకన్నా ఎక్కువ. అందుకే మిగతా పనులన్నీ పక్కన పడేసి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని మళ్లీ మొదటినుంచి విన్నాను.

ఆర్థిక నేరాల కోర్టులో ప్రభుత్వం తరఫున వాదించడం నా పని. ఒకప్పుడు దొంగ సంతకాలు చూసేదాన్ని. ఇప్పుడు దొంగ గొంతులు వినాల్సి వస్తోంది. ఈ కేసులో ఒక పైపుల కంపెనీ క్యాషియరు కంపెనీ ఖాతాలో ఉన్నదంతా ముక్కూ మొహం తెలియని ఖాతాకు పంపేశాడు. యజమానే ఫోన్ చేసి పంపమన్నారని అతనంటాడు. ఆ సమయానికి నేను విమానంలో ఉన్నానని యజమాని అంటాడు. ఆఫీసు ఫోన్‌లో మాట్లాడిందంతా రికార్డవుతుంది కాబట్టి ఆ గొంతు మా చేతికొచ్చింది. అది కంప్యూటరు పుట్టించిన గొంతేనని నిపుణులు తేల్చారు. ఎవరు పుట్టించారన్నదే తేలలేదు.

ఇన్‌స్పెక్టరుకు మాత్రం ఎప్పుడో తేలిపోయింది.

"ఇరవై ఏళ్లనుంచి ఆ యజమాని దగ్గర పడున్నాడు మేడమ్. ఆ గొంతు వీడికి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? తనే తయారుచేయించి, తనకే ఫోన్ చేయించుకుని, ఇప్పుడేమో నంగనాచిలా కూర్చున్నాడు. మీరు సరే అంటే చార్జిషీటు వేసేస్తాను."

నంగనాచి నా గది బయట బల్లమీద కూర్చుని ఉన్నాడు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా లేచి నిలబడుతున్నాడు, ఫైలు తెచ్చిన ప్యూనుకు కూడా. నేను సరే అంటే ఆ మనిషి జైలుకు పోతాడు. తప్పు చేయకుండానే పోతే? రేపు చెబుతానని ఇన్‌స్పెక్టరును పంపించేశాను.

ఇంటికి వెళ్తూ దారిలో మా మరిది పనిచేసే డబ్బింగు స్టూడియో దగ్గర ఆగాను. గోడలకు నల్లటి స్పాంజి అంటించిన ఇరుకు గది అది. ఈ గొంతులు ఎలా పుడతాయో చూపించమన్నాను. లాయర్ల సభలో నేను మాట్లాడిన వీడియో ఒకటి కంప్యూటరుకు తినిపించాడు. తను టైపు చేస్తుంటే నా గొంతు మాట్లాడసాగింది. నాకు ఒళ్లు జలదరించింది. వినోదంగా కూడా అనిపించింది, అబద్ధమెందుకు?

"అమ్మకు ఫోన్ చేద్దాం వదినా. కనిపెడుతుందేమో చూద్దాం" అన్నాడు.

ఇంట్లో ఉన్న మా అత్తయ్యకు చెవులు కాస్త మందం. "అత్తయ్యా, బీరువా తాళాలు ఎక్కడ పెట్టారు?" అని నా గొంతు అడిగింది. "ఆఁ? ఏంటీ?" అంది అత్తయ్య. గొంతు నిదానంగా మళ్లీ అడిగింది. మళ్లీ "ఏంటీ?" అంది. మూడోసారి మరింత నిదానంగా అడిగింది.

"ఎవరమ్మా నువ్వు?" అంది అత్తయ్య. "మా కోడలైతే రెండోసారికే నామీద అరిచి ఫోన్ పెట్టేసేది."

మా మరిది కుర్చీలోంచి పడబోయాడు. నా మొహం మాడిపోయింది, కానీ ఆ మరుక్షణమే బుర్ర వెలిగింది. బ్యాగులోంచి హెడ్‌ఫోన్లు తీశాను.

రికార్డింగులో క్యాషియరు ఖాతా నంబరు పదేపదే అడుగుతాడు. గొంతు విసుక్కోదు. "నిదానంగా రాసుకోండి" అంటుంది. మధ్యలో అతనికి దగ్గొస్తుంది. "వెళ్లి కాసిని మంచినీళ్లు తాగి రండి, నేను లైన్లోనే ఉంటాను" అంటుంది.

మర్నాడు యజమానిని పిలిపించి, విమానం ఎప్పుడు ఎక్కారని అడిగాను. చెప్పాడు. విననట్టు మళ్లీ అడిగాను.

"ఒకసారి చెప్తే ఎక్కదా మీకు?" అంటూ ఇంతెత్తున లేచాడు.

ఇంకో రోజైతే నేనూ అంతకు రెట్టింపు లేచేదాన్ని. ఆ రోజు మాత్రం సంతోషం ఆపుకోలేకపోయాను. ఆఫీసు ఫోన్‌లోని పాత రికార్డింగులన్నీ తెప్పించి విన్నాం. ఒక్కదాంట్లోనూ ఆయన రెండోసారి చెప్పిన పాపాన పోలేదు. వినేసరికి ఇన్‌స్పెక్టరు మొహం కూడా వాడిపోయింది.

"ఆ గొంతు ఈ క్యాషియరే చేయించి ఉంటే ముందు తిట్లు పెట్టించేవాడు" అన్నాను. "ఇతనికి తెలిసిన గొంతు అదే కదా! ఇది చేసినవాడెవడో యజమానిని సభల వీడియోల్లో మాత్రమే, మర్యాదగా మాట్లాడుతుండగా విన్నాడు. ఆ వీడియోల దగ్గర మొదలుపెట్టి వెతకండి."

"కోర్టు ఒప్పుకుంటుందా మేడమ్?"

"ఒప్పుకోకపోతే యజమానిని బోనెక్కించి, అడిగిందే రెండుసార్లు అడుగుతాను."

క్యాషియరును లోపలికి పిలిచి, మీరిక ముద్దాయి కాదు, సాక్షి అని చెప్పాను. అతను చేతులు జోడించాడు. నా కోపం మాత్రం చల్లారలేదు.

"మీ యజమాని జన్మలో అలా మాట్లాడరని మీకు తెలుసు కదండీ! అనుమానం రాలేదా?"

"వచ్చిందమ్మా. కానీ మంచినీళ్లు తాగి రమ్మన్నారు కదా. తాగొచ్చి చూస్తే నిజంగానే లైన్లో ఉన్నారు. ఇంక అడగబుద్ధి కాలేదు."

అతను గుమ్మందాకా వెళ్లి వెనక్కి తిరిగాడు.

"కేసు అయిపోయాక ఆ రికార్డింగు నాకిస్తారా అమ్మా?"

"అది సాక్ష్యమండీ, ఇవ్వకూడదు" అన్నాను. అర్థమైందన్నట్టు తలూపాడు. వెళ్లబోతుంటే కూర్చోమని చెప్పి, హెడ్‌ఫోన్లు అతని చేతికిచ్చాను.